జిమ్ మెషిన్ 24 అంది, డెక్సా 31 అంది: ఒంట్లో కొవ్వు, దమ్ము కొలిపించుకోవాలంటే ఏ పరీక్ష?

మొన్న సంక్రాంతికి గుంటూరు వెళ్తే మా బావగారు రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. ఒకటి జిమ్‌లో మెషిన్ మీద చెప్పుల్లేకుండా నిలబడితే ప్రింటయి వచ్చింది: కొవ్వు 24 శాతం. ఇంకొకటి డయాగ్నస్టిక్ సెంటర్లో పడుకోబెట్టి తీసిన డెక్సా స్కాన్: కొవ్వు 31 శాతం. రెండింటికీ మధ్య తొమ్మిది రోజులు. "ఏం బావా, తొమ్మిది రోజుల్లో ఏడు శాతం కొవ్వు ఎక్కేసిందా? వీటిలో ఏది అబద్ధం?" అన్నారు. అక్క పెట్టిన అరిసెలు పళ్లెంలో అలాగే ఉన్నాయి. మనిషికి నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

ఎక్సర్‌సైజ్ ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడిగేవారు. రెండు కాగితాలూ అబద్ధం చెప్పడం లేదు. బతికున్న మనిషి ఒంట్లోంచి కొవ్వు తీసి తక్కెడలో వేసే వీలు లేదు కాబట్టి ప్రతి యంత్రమూ వేరే దాన్ని కొలిచి, దాన్నుంచి కొవ్వును లెక్కగడుతుంది. జిమ్ మెషిన్ ఒంట్లో కరెంటు ఎంత తేలిగ్గా పారిందో చూసింది. డెక్సా ఎక్స్‌రే ఎంత ఆగిపోయిందో చూసింది. రెండు దారులు, రెండు అంకెలు. ఏడు శాతం తేడా నాకు కొత్తేమీ కాదు.

అందుకే పరీక్ష ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ఇది: మూడు నెలల తర్వాత అదే యంత్రం మీద, అదే టైమ్‌కి, అదే తీరులో మళ్లీ చేయించుకోగలరా? చేయించుకోగలిగితే కాస్త తక్కువ కచ్చితమైన పరీక్ష కూడా పనికొస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైన స్కానైనా ఒక రోజు తీసిన ఫోటోలా మిగిలిపోతుంది.

అసలు బరువు చూసుకుంటే చాలదా?

చాలదు, మన వాళ్లకు మరీ చాలదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. అంటే ఎత్తుకు తగ్గ బరువు ఇద్దరిదీ సరిగ్గా ఒకటే. డెక్సా మీద పడుకుంటే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు పేరుకున్న మనుషులు మన ఇళ్లలో ఎందరో. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, చొక్కా కింద బొజ్జ మాత్రం కనిపించే మేనమామ ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. బీఎంఐ ఆయన్ని పాస్ చేసేస్తుంది. షుగర్ మాత్రం వదలదు.

దీనికి పూర్తిగా తలకిందులైన సంగతి 1942లో అమెరికాలో బయటపడింది. నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెన్కే 25 మంది ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. ఎత్తు-బరువు పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది సైన్యానికి పనికిరానంత లావు. నీటిలో తూచి చూస్తే ఆ పదిహేడు మందిలో ఎక్కువ మందికి కొవ్వు తక్కువే, బరువంతా కండే.

డెక్సా

2023 జనవరిలో క్రికెట్ బోర్డు ఆటగాళ్ల ఎంపికకు పరుగుతో దమ్ము చూసే యో-యో టెస్ట్‌తో పాటు డెక్సా కూడా చూస్తామని చెప్పింది. మన దగ్గర చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల వారిని ఏళ్ల తరబడి పరిశీలించిన ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనంలో కూడా డెక్సా వాడారు.

బల్ల మీద వెల్లకిలా పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటి భాగం తల నుంచి కాళ్ల దాకా మెల్లగా కదులుతుంది. పది నిమిషాల పని. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఒంట్లోంచి వెళ్తాయి. ఎముక, కొవ్వు, మిగతా కణజాలం వాటిని ఒక్కోటి ఒక్కోలా ఆపుతాయి. ఆ తేడా నుంచి మూడింటినీ విడదీస్తారు. రేడియేషన్ కొన్ని మైక్రోసీవర్ట్‌లే, ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ. అయినా గర్భిణులు చేయించుకోకూడదు.

దీని గొప్పతనం శాతం చెప్పడంలో కన్నా చోటు చెప్పడంలో ఉంది. ఎడమ కాలిలో కండ ఎంత, కుడి కాలిలో ఎంత, పొట్ట భాగంలో కొవ్వు ఎంత అని విడివిడిగా వస్తుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఒక కాలు సన్నబడితే అది ఎన్ని గ్రాములో చూపిస్తుంది. పెద్దవాళ్లలో కండ కరిగిపోతోందా అని తేల్చడానికి చేతులు, కాళ్లలోని కండను ఎత్తు వర్గంతో (ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చే అంకెతో) భాగించి చూస్తారు. ఆసియా వారికి 2019లో పెట్టిన హద్దు మగవారికి చదరపు మీటరుకు 7.0 కిలోలు, ఆడవారికి 5.4 కిలోలు. అంతకన్నా తక్కువ వస్తే చేతి పట్టు, నడక వేగం కూడా డాక్టర్‌కి చూపించాలి.

ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లలో డెక్సా అని బోర్డు ఉన్న చోట్ల ఎక్కువగా చేసేది ఎముకల పరీక్ష. నడుము, తుంటి మాత్రమే స్కాన్ చేసి టీ-స్కోర్ అని ఇస్తారు. అందులో కొవ్వు గురించి ఏమీ ఉండదు. ఫోన్ చేసినప్పుడు "హోల్ బాడీ, బాడీ కంపోజిషన్ రిపోర్ట్ ఇస్తారా?" అని సూటిగా అడగండి. డబ్బు కట్టి, పడుకుని, లేచి, టీ-స్కోర్ చేతికొచ్చాక నిరాశపడ్డవాళ్లను చాలామందిని చూశాను. ఏ కంపెనీ మెషినో కూడా అడిగి రాసిపెట్టుకోండి. హోలాజిక్ మీద తీసిందాన్ని జీఈ ల్యూనార్ మీద తీసిందాంతో పోల్చకూడదు, లెక్కలు కలవవు.

డెక్సాకూ ఒక బలహీనత ఉంది. అది కండ అని చూపించేదాంట్లో నీరు కూడా కలిసే ఉంటుంది. కండలో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (అన్నంలాంటి పిండి పదార్థాల నుంచి వచ్చే చక్కెర నిల్వ) పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. నాలుగు రోజులు అన్నం మానేసి వెళ్తే కండ తగ్గినట్టు, పెళ్లి భోజనం మర్నాడు వెళ్తే పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ నిజం కాదు.

జిమ్‌లో నిలబడే మెషిన్

దీన్ని బీఐఏ అంటారు. అరికాళ్ల నుంచి, మంచి మెషినైతే అరచేతుల నుంచి కూడా, మనకు తెలియనంత చిన్న కరెంటు పంపిస్తుంది. కండలో ఉప్పునీరు ఎక్కువ కాబట్టి కరెంటు తేలిగ్గా పారుతుంది, కొవ్వులో పారదు. కొవ్వు కాని శరీరంలో 73 శాతం నీరు ఉంటుందని అనుకుని లెక్క నడుపుతారు. ఆ అనుకోవడంలోనే తిరకాసు ఉంది. మీ ఒంట్లో నీరు అటూ ఇటూ అయితే కొవ్వు అటూ ఇటూ అయినట్టు వస్తుంది.

వర్కవుట్ చేసి, చెమటతో, ఒళ్లు వేడిగా ఉండగా ఎక్కితే కొవ్వు తక్కువ చూపించే అవకాశం ఎక్కువ. అర లీటరు నీళ్లు తాగి వెంటనే ఎక్కితే బరువు పెరుగుతుంది కానీ ఆ నీళ్లు ఇంకా పొట్టలోనే ఉంటాయి, మెషిన్ దాన్ని కొవ్వు ఖాతాలో వేస్తుంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరే రోజుల్లో ఆడవారి అంకెలు మారతాయి. మా బావగారు జిమ్‌లో ఎప్పుడు ఎక్కారని అడిగితే "ట్రెడ్‌మిల్ దిగాక, సాయంత్రం" అన్నారు. ఏడు శాతం తేడాలో కొంత అక్కడే దొరికింది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి. ఇంట్లో వాడే బాత్‌రూమ్ స్కేలు సంగతికొస్తే, కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది. పొట్ట గురించి దానికి తెలిసింది చాలా తక్కువ. మన సమస్యేమో పొట్ట దగ్గరే.

ఇంత చెప్పినా బీఐఏను నేను తీసిపారేయను. చవక, జిమ్‌లోనే ఉంటుంది, నిమిషంలో అయిపోతుంది. పొద్దున్నే పరగడుపున, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, వ్యాయామానికి ముందు, నెలకోసారి ఒకే మెషిన్ ఎక్కండి. రెండు మూడు శాతం మార్పును పట్టించుకోవద్దు. నాలుగైదు నెలల్లో గీత ఎటు వంగుతోందో చూడండి. డైట్ మొదలుపెట్టిన మొదటి వారం "కండ రెండు కిలోలు పోయింది" అని కాగితం చెబితే భయపడకండి, పోయింది చాలావరకు నీరే.

వేళ్ల మధ్య చర్మం

నాకు బాగా ఇష్టమైనది కాలిపర్, అంటే చర్మం మడత మందం కొలిచే పట్టకారులాంటి పరికరం. ల్యాబ్‌లో చేరినప్పుడు మొదటి ఆర్నెల్లు నేను నేర్చుకున్నది ఇదే. బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి పైకి లాగాలి, కండ రాకూడదు. వేళ్లకు ఒక సెంటీమీటరు దూరంలో కాలిపర్ దవడలు పెట్టి, పట్టు వదలకుండా, రెండు సెకన్లలో అంకె చదవాలి. ఆలస్యమైతే కొవ్వు నొక్కుకుపోయి అంకె దిగిపోతుంది. ముందే స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకోకపోతే వచ్చేసారి రెండు సెంటీమీటర్లు పక్కన పట్టుకుంటాం. మా గురువుగారు నాచేత ఒకే మనిషి భుజం వెనక ఇరవైసార్లు పట్టించారు, ఇరవై అంకెలూ ఒక మిల్లీమీటరు తేడాలో వచ్చేదాకా వదల్లేదు.

ఈ మడతల నుంచి కొవ్వు శాతం తీసే సూత్రాలు రెండు బాగా వాడుకలో ఉన్నాయి. డర్నిన్, వోమర్స్‌లీ 1974లో ఇచ్చినది ఒకటి. జాక్సన్, పొలాక్ 1978లో మగవారికి, 1980లో ఆడవారికి ఇచ్చినది ఇంకొకటి. ఆ సూత్రాలు కట్టింది మన ఒళ్లను కొలిచి కాదు. సరిగ్గా కొలిచినా మూడు నాలుగు శాతం అటూ ఇటూ ఉంటుంది. అందుకే నేను శాతం జోలికి వెళ్లవద్దంటాను. ఏడెనిమిది చోట్ల మడతల మొత్తాన్ని మిల్లీమీటర్లలోనే రాసుకోండి. జనవరిలో 142, ఏప్రిల్‌లో 118. ఇందులో ఏ సూత్రమూ లేదు, ఏ ఊహా లేదు. కొలిచే చెయ్యి మాత్రం మారకూడదు. కోచ్ మారితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

నీళ్లు, గాలి, టేపు

నీళ్లలో తూచడం గురించి త్వరగా చెప్పి వదిలేస్తాను, మన దగ్గర దొరకడం అరుదు. ఊపిరంతా వదిలేసి నీళ్లలో మునిగి కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. శరీర సాంద్రత తెలిస్తే 1961 నాటి సిరి సూత్రంతో 495ను సాంద్రతతో భాగించి 450 తీసేస్తే కొవ్వు శాతం వస్తుంది. సాంద్రత 1.05 అయితే 21.4. నీళ్లకు బదులు గాలితో అదే పని చేసే గుడ్డు ఆకారపు గదిని బాడ్ పాడ్ అంటారు. బిగుతు బట్టలు, తలకు టోపీ, రెండు నిమిషాలు. నీళ్లంటే భయమున్నవారికి మంచిదే. దొరికితే చేయించుకోండి, వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లక్కర్లేదు.

టేపు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దర్జీ టేపు, పది రూపాయలో ఇరవై రూపాయలో. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా. భారతీయులకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే జాగ్రత్తపడాలి. ఎత్తులో సగం కన్నా నడుం తక్కువ ఉండాలన్నది ఇంకో తేలిక లెక్క. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, మనం ప్యాంటు బొజ్జ కింద కట్టుకుంటాం. చేతిలో డబ్బు లేకపోతే ఈ ఒక్క టేపూ, నెలకో అంకె రాసుకునే క్యాలెండరూ చాలు.

ఇక దమ్ము సంగతి

కొవ్వు కొలిపించుకునేవాళ్లు వందమంది ఉంటే దమ్ము కొలిపించుకునేవాళ్లు ఐదుగురు కూడా ఉండరు. నాకు ఇది బాధగా ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా లేదా అన్నది అద్దంలో కనిపించదు కదా, అందుకేనేమో. రెండింట్లో ఒకటే చేయించుకోమంటే నేను దమ్మునే ఎంచుకుంటాను.

దమ్ముకు ల్యాబ్ పేరు వీఓటూ మ్యాక్స్. ఒళ్లు పూర్తిగా కష్టపడుతున్నప్పుడు నిమిషానికి, కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదు అన్న లెక్క. ఊరికే కూర్చున్నప్పుడు సుమారు 3.5 వాడతాం, దాన్ని ఒక మెట్ అంటారు. ఏ.వి. హిల్, హార్ట్లీ లుప్టన్ 1923లో పరిగెత్తే మనిషి వదిలిన గాలిని సంచిలో పట్టి ఈ భావనకు పునాది వేశారు. గుండె ఎంత రక్తం తోస్తోంది, రక్తం ఎంత ఆక్సిజన్ మోస్తోంది, కండ ఎంత పీల్చుకుంటోంది అన్న మూడూ ఇందులో కలిసి ఉన్నాయి. అందుకే రక్తహీనత ఉన్నవారికి ఎంత ప్రాక్టీస్ చేసినా అంకె అంతగా పైకి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మూడు నెలలు నడిచినా ఆయాసం తగ్గని ఆడవారికి నేను ముందు చెప్పేది హిమోగ్లోబిన్ పరీక్ష.

అసలైన పరీక్ష మాస్క్‌తోనే. పొద్దున్నే ల్యాబ్ తెరవగానే మూడు లీటర్ల సిరంజితో గాలి తోసి మెషిన్ సరిగ్గా చదువుతోందో చూస్తాం. తర్వాత లెక్క తెలిసిన గ్యాస్ పంపి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అంకెలు సరిచేస్తాం. ఆ పని చేయకుండా పరీక్ష మొదలుపెట్టే చోట డబ్బు కట్టకండి. ముఖానికి రబ్బరు మాస్క్ బిగించాక మీరు మాట్లాడలేరు. గోడ మీద 6 నుంచి 20 దాకా అంకెల చార్టు ఉంటుంది, ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. వేగమో వాలో నిమిషం నిమిషానికీ పెరుగుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాల్లో ఇక నావల్ల కాదు అనే చోటు వస్తుంది. వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1.1 దాటిందంటే మనిషి నిజంగా చివరిదాకా వెళ్లాడని మేం నమ్ముతాం. రిపోర్టులో ఆ అంకె చూడండి. 0.95 దగ్గరే ఆగిపోయి ఉంటే అది మీ మ్యాక్స్ కాదు, మీరు ముందే దిగిపోయారు.

ఒకసారి ఒక కబడ్డీ కుర్రాడికి 31 వచ్చింది. అంత బలిష్టుడికి అంత తక్కువేమిటని మళ్లీ చూస్తే, గుబురు గడ్డం వల్ల దవడ పక్క నుంచి గాలి పోతోంది. తప్పు నాదే, బిగించింది నేనే. మూడు రోజుల తర్వాత పెద్ద సైజు మాస్క్‌తో చేస్తే 47. ఆ మధ్య మూడు రోజులూ అతను నిద్రపోలేదని తర్వాత వాళ్లన్నయ్య చెప్పాడు. అంకె చేతిలో పెట్టే ముందు పదిసార్లు చూడాలని నాకు ఆ రోజు బాగా పట్టింది.

సైకిల్ మీద చేస్తే సాధారణంగా ట్రెడ్‌మిల్ కన్నా ఐదు, పది శాతం తక్కువ వస్తుంది, కాళ్లు ముందే అలిసిపోతాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి, బరువు ఎక్కువున్నవారికి సైకిలే మేలు. మళ్లీ చేసేటప్పుడూ సైకిలే ఎక్కండి.

టీఎంటీ చేయించుకున్నాను కదా, అది ఇదే కదా అంటారు చాలామంది. ఇది కాదు. టీఎంటీలో ఛాతీకి తీగలు అతికించి గుండెకు రక్తం సరిగ్గా అందుతోందా అని ఈసీజీ చూస్తారు, మాస్క్ ఉండదు. ఎక్కువగా వాడేది 1963 నాటి బ్రూస్ పద్ధతి: గంటకు 2.7 కిలోమీటర్లు, పది శాతం వాలుతో మొదలై మూడు నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి. అయినా ఆ రిపోర్టులో మీకు పనికొచ్చే అంకె ఒకటి ఉంది. మెట్స్ అని ఉన్నచోట చూసి 3.5తో గుణించండి. పది మెట్స్ అయితే 35. ఇది అంచనానే. కడ్డీలు గట్టిగా పట్టుకుని నడిచి ఉంటే అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. పాత టీఎంటీ కాగితం బీరువాలో ఉంటే తీసి చూడండి, మొదటి అంకె ఉచితంగా దొరికినట్టే.

మైదానం, మెట్టు, వాచీ

ల్యాబ్ అందుబాటులో లేనివాళ్లే ఎక్కువ. వాళ్లకు మైదానం ఉంది. అమెరికా వైమానిక దళ డాక్టర్ కెన్నెత్ కూపర్ 1968లో చెప్పిన పరీక్షలో 12 నిమిషాల్లో వీలైనంత దూరం పరిగెత్తాలి. మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగించండి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద ఐదు రౌండ్లు వేస్తే 33.4, ఆరు వేస్తే 42.4. పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే పిల్లలకు ఇదే సరైనది. పరీక్ష కూడా పరుగే, ఉద్యోగం అడిగేదీ పరుగే. మొదటి రౌండ్ ఉత్సాహంగా లాగేసి నాలుగో రౌండ్‌లో నడిచేవాళ్ల అంకె నమ్మకండి. రెండుసార్లు చేసి రెండోది రాసుకోండి.

పరిగెత్తలేనివారికి 1987 నాటి రాక్‌పోర్ట్ నడక. మైలు దూరం, అంటే ట్రాక్ మీద నాలుగు రౌండ్లూ ఇంకో తొమ్మిది మీటర్లూ, వీలైనంత వేగంగా నడిచి ఆగగానే నాడి చూసుకోవాలి. 132.853లోంచి బరువు కిలోలను 0.1695తో, వయసును 0.3877తో, నిమిషాలను 3.2649తో, నాడిని 0.1565తో గుణించినవి తీసేయాలి. మగవారైతే చివర 6.315 కలపాలి.

మెట్టెక్కి దిగే క్వీన్స్ కాలేజ్ పరీక్షకు 41.3 సెంటీమీటర్ల ఎత్తు పీట కావాలి. మూడు నిమిషాలు, మగవారు నిమిషానికి 24 సార్లు, ఆడవారు 22 సార్లు, ఆగాక నాడి చూసుకోవాలి. అది కాలేజీ పిల్లల కోసం కట్టిన లెక్క. అరవై ఏళ్ల అమ్మమ్మ మోకాళ్లతో ఆ ఎత్తు ఎక్కించకండి. అమ్మమ్మకు ముప్పై మీటర్ల వరండా, ఆరు నిమిషాల నడక, మధ్యలో అలసిపోతే కూర్చోడానికి కుర్చీ. ఎన్ని మీటర్లు నడిచిందో అదే అంకె.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. నాడిని బట్టి దమ్ము లెక్కగట్టే ఏ పరీక్షైనా, బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి తప్పు చెబుతుంది. ఆ మాత్ర గుండె వేగాన్ని కిందకి పట్టి ఉంచుతుంది, మీరు చాలా ఫిట్‌గా ఉన్నట్టు కనిపిస్తారు. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ పోతుంది.

స్మార్ట్ వాచీ కూడా ఇదే జాతిది. మీ వేగానికి గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి ఊహిస్తుంది. మే నెల ఎండలో పరిగెడితే గుండె వేగం ఎలాగూ పెరుగుతుంది, వాచీ మీ దమ్ము తగ్గిందంటుంది. డిసెంబర్‌లో మళ్లీ పెంచుతుంది. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చుకుంటే దానికీ ఒక విలువ ఉంది.

మారథాన్‌కి దిగేవాళ్లకు వేరే మాట. మీకు మ్యాక్స్ కన్నా థ్రెషోల్డ్ ముఖ్యం. ఎంత వేగం దాకా గంటల తరబడి లాగగలరు, ఎక్కడ దాటితే కాళ్లు బరువెక్కుతాయి అన్నది. వేలి చివర రక్తం తీసి, కష్టపడే కండ వదిలే ల్యాక్టేట్ ఎంతుందో చూస్తూ కనుక్కోవచ్చు. అదే మాస్క్ పరీక్షలో ఊపిరి తీరు మారే చోట్లను బట్టి కూడా తెలుస్తుంది. డబ్బు కట్టే ముందే "థ్రెషోల్డ్ దగ్గర స్పీడు, హార్ట్ రేటు రాసిస్తారా?" అని అడగండి. మ్యాక్స్ అంకె ఒక్కటి పట్టుకుని ఇంటికొస్తే శిక్షణకు దాంతో పెద్దగా చేసేదేమీ లేదు.

రెండూ కలిపి చదవడం

కొవ్వు పరీక్ష, దమ్ము పరీక్ష ఒకే వారంలో చేయించుకోమని ఎందుకంటానంటే, కిలోకి లెక్కగట్టిన దమ్ము బరువుతో పాటు కదులుతుంది. 80 కిలోల మనిషి నిమిషానికి 2.8 లీటర్లు వాడితే కిలోకి 35. ఎనిమిది కిలోలు తగ్గి 72కి వచ్చాడు, అవే 2.8 లీటర్లు. ఇప్పుడు కిలోకి 38.9. గుండె ఏమీ మెరుగుపడలేదు, మోసే బరువు తగ్గిందంతే. అది కూడా లాభమే, కానీ పోయిన ఎనిమిది కిలోల్లో కండ ఎంతో తెలియకుండా సంబరపడకూడదు. అందుకే రిపోర్టులో కిలో అంకెతో పాటు లీటర్ల అంకె కూడా అడిగి తీసుకోండి.

ఛాతీలో నొప్పి, అదుపులో లేని బీపీ, ఈమధ్యే గుండెపోటు, జ్వరం ఉన్నవాళ్లు చివరిదాకా వెళ్లే ఏ పరీక్షా డాక్టర్ లేకుండా చేయకండి. ఏళ్లుగా కదలని నలభై ఐదేళ్ల మనిషి, షుగర్ ఉన్న మనిషి ముందు డాక్టర్‌ని కలవండి. ట్రాక్ మీద ఒంటరిగా కూపర్ టెస్ట్ వద్దు.

మా బావగారికి 46 ఏళ్లు, 82 కిలోలు. జిమ్ కాగితం పక్కన పెట్టమన్నాను, డెక్సాను మొదటి మెట్టుగా ఉంచుకున్నాం. నడుం కొలిస్తే 98. ఆయన వాడే బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే రకం కాదని చీటీ చూసి, ఛాతీలో నొప్పి ఎప్పుడూ రాలేదని అడిగి తెలుసుకున్నాక, కనుమ మర్నాడు పొద్దున్నే స్టేడియానికి తీసుకెళ్లాను. నాలుగు రౌండ్ల పైన తొమ్మిది మీటర్లు, సరిగ్గా 16 నిమిషాలు, ఆగాక నాడి 132. లెక్కవేస్తే 34.5. "ఇది మంచిదా చెడ్డదా?" అన్నారు. ఇది మొదటిది అన్నాను. ఏప్రిల్‌లో ఎండలు ముదరకముందే ఇదే ట్రాక్ మీద, ఇదే టైమ్‌కి, కాఫీ తాగకుండా రమ్మన్నాను. డెక్సా ఆగస్టులో అదే సెంటర్లో, ముందురోజు మామూలు భోజనం, పొద్దున పరగడుపు. జిమ్ కాగితం వెనక ఆ రెండు తేదీలూ, 98, 34.5 అని పెన్నుతో రాసి అక్క దాన్ని వంటింట్లో క్యాలెండర్ పక్కన గుచ్చింది.